భాస్కరాచార్యుడు – రెండు జవాబుల లెక్క

మన సంఘం ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి వ్రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరారు. ఇటువంటి సంచికలలో సాధారణంగా దేశనాయకులను గురించో, వాగ్గేయకారులను గురించో వ్రాస్తుంటారు. నేను ఉద్యోగకాలమంతా అకౌంట్సు విభాగంలో గడిపినవాణ్ణి. పదవీ విరమణ చేశాక మా వీధిలోని పదో తరగతి పిల్లలకు సాయంత్రం పూట లెక్కలు చెప్పుకుంటూ కాలక్షేపం చేస్తున్నవాణ్ణి. అందుచేత నా చేతికి అందిన మహనీయుడు లెక్కల మనిషే అయినాడు. ఆయనే భాస్కరాచార్యుడు.

లీలావతీ గణితం అనే మాట వినని పెద్దలు మనలో ఉండరు. ఆ గ్రంథం వ్రాసినవాడు ఈయనే. ఇప్పుడు మన మనుమలు, మనుమరాళ్ళు పదో తరగతిలో కుస్తీ పడుతున్న వర్గ సమీకరణాలను, అంటే తెలియని రాశి ఒకటి తన వర్గంతో కలిసి వచ్చే లెక్కలను, ఇంచుమించు తొమ్మిది వందల ఏళ్ళ క్రితం కోతులతోను, తుమ్మెదలతోను, అర్జునుడి బాణాలతోను కలిపి కథలుగా చెప్పినవాడు ఈయన. ఆయన జీవితంలో నిజంగా తెలిసిన సంగతులు ఏమిటో, కల్పన ఏమిటో వేరు చేసి చెప్పాలని నా ప్రయత్నం.

వంశము – విద్య

భాస్కరుడు శక సంవత్సరం 1036లో, అంటే క్రీ.శ. 1114లో జన్మించాడు. ఈ సంగతి మనకు ఇంత కచ్చితంగా తెలియడానికి కారణం ఆయనే దానిని తన గ్రంథంలో చెప్పుకోవడం. ఆ కాలపు పండితులు అంకెలను మాటలలో చెప్పేవారు. భూమి అంటే ఒకటి, రసాలు అంటే ఆరు, ఈ విధంగా. ఆ మాటలను కుడి నుంచి ఎడమకు చదువుకుంటే సంవత్సరం వస్తుంది. మన పూర్వులలో చాలామంది మహాకవులకు పుట్టిన శతాబ్దం కూడా సరిగా తేల్చలేక పండితులు వాదులాడుకుంటున్నారు. భాస్కరుడు మాత్రం లెక్కల మనిషి గనుక ఆ ఇబ్బంది మనకు లేకుండా చేశాడు.

ఊరు సహ్యాద్రి ప్రాంతంలోని విజ్జడవిడం అని వ్రాసుకున్నాడు. ఆ ఊరు ఇప్పుడు ఏదన్న విషయంలో అభిప్రాయభేదాలు ఉన్నాయి. మహారాష్ట్రలో చాళీస్‌గావ్ దగ్గరి పాటణ ప్రాంతమని కొందరు, కర్ణాటకలోని బీజాపూర్ అని కొందరు అంటారు. శాండిల్య గోత్రం. తండ్రి మహేశ్వరుడు జ్యోతిష పండితుడు. తనకు విద్య నేర్పిన గురువు తన తండ్రేనని భాస్కరుడు గౌరవంతో చెప్పుకున్నాడు. ఆ కుటుంబంలో విద్య తండ్రి నుంచి కొడుకుకు తరతరాలుగా దిగివచ్చింది. వారి వంశవృక్షం ఒక శాసనంలో ఉన్నది. ఆ శాసనం విషయం ముందు ముందు చెబుతాను.

7వ శతాబ్దంలో మరొక భాస్కరుడు ఉన్నాడు. ఆయన కూడా గొప్ప ఖగోళవేత్తే. అందుచేత చరిత్రకారులు మన భాస్కరుణ్ణి రెండవ భాస్కరుడు అంటారు. 1979 జూన్ 7న, 1981 నవంబరు 20న నింగికి చేరిన మన దేశపు భాస్కర ఉపగ్రహాలు మన పాఠకులకు గుర్తుండే ఉంటాయి. ఆ పేరుతో ఈ ఇద్దరినీ స్మరించినట్లయింది.

ముప్పై ఆరో ఏట, అరవై తొమ్మిదో ఏట

1150లో, తన 36వ ఏట, భాస్కరుడు సిద్ధాంత శిరోమణి అనే మహాగ్రంథాన్ని పూర్తి చేశాడు. దానిలో నాలుగు భాగాలు. మొదటిది లీలావతి, అంకగణితం. రెండవది బీజగణితం. మూడవది గ్రహగణితం, నాలుగవది గోళాధ్యాయం. ఈ చివరి రెండూ ఖగోళశాస్త్రానికి చెందినవి. సూత్రాలు శ్లోకాలలో ఉంటే సామాన్యులకు అర్థం కావని, వాటికి తానే వచనంలో వివరణ కూడా వ్రాసిపెట్టాడు.

మన వయసు వారు గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. ఆయన కరణ కుతూహలం అనే గ్రంథానికి లెక్కల ప్రారంభకాలం 1183. అప్పటికి ఆయనకు 69 ఏళ్ళు. గ్రహాల స్థానాలను సులువుగా లెక్కకట్టుకోవడానికి పంచాంగకర్తలకు పనికివచ్చే చేతిపుస్తకం అది. యౌవనంలో పండితుల కోసం పెద్ద గ్రంథం వ్రాసినవాడు వృద్ధాప్యంలో నిత్యం పని చేసుకునేవారి కోసం చిన్న పుస్తకం వ్రాశాడు. 58కో, 60కో మనకు రిటైర్మెంటు ఆర్డరు చేతికిస్తే ఇక మన పని అయిపోయిందని అనుకునేవారు ఉన్నారు. వారికి ఈ 69 అనే అంకెను గుర్తు చేయాలని అనిపిస్తుంది.

మధ్యమాహరణం

ఇప్పుడు అసలు లెక్కలోకి వద్దాం. భయపడవలసిన పని లేదు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకుంటే చాలు.

మనం బడిలో తెలియని రాశిని ఎక్స్ అనుకున్నాం. భాస్కరుని కాలంలో దానిని యావత్తావత్తు అనేవారు. ఎంతైతే అంత అని దాని అర్థం. క్లుప్తంగా యా అని వ్రాసుకునేవారు. తెలియని రాశులు ఒకటికంటే ఎక్కువ ఉంటే మిగిలినవాటికి రంగుల పేర్లు పెట్టేవారు. కాలకం అంటే నలుపు, నీలకం అంటే నీలం, పీతకం అంటే పసుపు. అప్పును ఋణం, ఆస్తిని ధనం అని, ఆ పేర్లతోనే కూడిక తీసివేతల నియమాలను 628లోనే బ్రహ్మగుప్తుడు చెప్పాడు. జమా ఖర్చులు వ్రాసిన మనకు ఈ రెండు మాటలు కొత్త కావు.

తెలియని రాశి ఒక్కటే ఉంటే లెక్క తేలిక. దాని వర్గం కూడా వచ్చి కూర్చున్నప్పుడే చిక్కు. ఒకవైపు వర్గం, మరొకవైపు మామూలు అంకె, నడుమ యా. ఆ నడిమి పదం అడ్డుగా ఉన్నంత కాలం వర్గమూలం తీయడానికి వీలుండదు. అందువలన ఆ నడిమి పదాన్ని తొలగించే ప్రక్రియకు మధ్యమాహరణం అని పేరు. నా మటుకు నాకు వర్గ సమీకరణ సాధన అనే పాఠ్యపుస్తకం మాటకంటే ఈ పాత మాటే బాగుంటుంది. చేయవలసిన పని ఏమిటో పేరులోనే ఉన్నది గదా.

తొలగించడం ఎలా? ఇక్కడ భాస్కరుని పెద్దరికం కనబడుతుంది. ఈ ఉపాయం తనదని ఆయన చెప్పుకోలేదు. తనకు పూర్వుడైన శ్రీధరాచార్యుని పేరు చెప్పి, ఆయన సూత్రాన్ని తన గ్రంథంలో ఉదహరించాడు. శ్రీధరుని బీజగణిత గ్రంథం తరువాతి కాలంలో నశించిపోయింది. ఆ సూత్రం శ్రీధరునిదని ఈనాడు మనకు తెలుస్తున్నదంటే అది భాస్కరుడు ఆ పేరు వదలకుండా వ్రాయడం వల్లనే. గ్రంథం చివర కూడా బ్రహ్మగుప్తుడు, శ్రీధరుడు, పద్మనాభుడు వ్రాసిన విస్తారమైన గ్రంథాల సారాన్నే శిష్యుల కోసం క్లుప్తంగా చెప్పానని వినయంగా ముగించాడు. పద్మనాభుని గ్రంథం కూడా ఇప్పుడు లేదు. కిందివాడు తయారుచేసిన నోటు మీద తన సంతకం పెట్టుకుని పైకి పంపే అధికారులను మనం సర్వీసులో చూశాం. భాస్కరుడు ఆ కోవకు చెందినవాడు కాదు.

కోతుల లెక్కలు రెండు

మొదటి లెక్క ఇది. ఒక కోతుల గుంపు. గుంపులో ఎనిమిదో వంతును వర్గం చేస్తే ఎన్ని వస్తాయో అన్ని కోతులు అడవిలో ఆడుకుంటున్నాయి. మిగిలిన 12 కొండ మీద కూర్చుని కిచకిచమంటున్నాయి. మొత్తం ఎన్ని?

సమాధానం 48 అనుకుంటే, అందులో ఎనిమిదో వంతు 6, దాని వర్గం 36, దానికి 12 కలిపితే 48. సరిపోయింది. కాని 16 అనుకున్నా సరిపోతుంది. ఎనిమిదో వంతు 2, దాని వర్గం 4, దానికి 12 కలిపితే 16. రెండు జవాబులూ నిజమే. భాస్కరుడు రెండింటినీ ఇచ్చాడు.

రెండవ లెక్క మరొక గుంపు గురించి. గుంపులో ఐదో వంతు తీసుకుని, అందులోంచి 3 తగ్గించి, మిగిలినదాన్ని వర్గం చేస్తే వచ్చినన్ని కోతులు గుహలోకి వెళ్ళాయి. ఒక్క కోతి మాత్రం బయట చెట్టుకొమ్మ మీద కనబడుతున్నది. మొత్తం ఎన్ని?

ఈ లెక్కను శ్రీధరుని పద్ధతిలో చేద్దాం. గుంపును యా అనుకుని, భిన్నాలు తొలగించి సర్దుకుంటే, యా వర్గంలోంచి 55 యాలు తీసివేస్తే ఋణం 250 అని తేలుతుంది. ఇప్పుడు సూత్రం ప్రకారం వర్గపదం ముందున్న అంకెకు నాలుగు రెట్లతో రెండు వైపులా హెచ్చవేయాలి. ఇక్కడ ఆ అంకె 1 గనుక 4తో హెచ్చవేస్తే చాలు. ఎడమవైపు 4 యా వర్గాలలోంచి 220 యాలు పోయినవి, కుడివైపు ఋణం 1000. తరువాత, మొదట యా ముందున్న 55ను వర్గం చేయగా వచ్చిన 3025ను రెండు వైపులా కలపాలి. ఎడమవైపు ఉన్నదంతా 2 యాలలోంచి 55 తీసివేయగా వచ్చినదానికి సరిగ్గా వర్గమవుతుంది. కుడివైపు 2025. నడిమి పదం అడ్డు తొలగింది. 2025కు వర్గమూలం 45. 

ధనరాశికి వర్గమూలాలు రెండుంటాయని, ఒకటి ధనం, రెండవది ఋణం అని, ఋణరాశికి మాత్రం అది దేనికీ వర్గం కాదు గనుక వర్గమూలమే లేదని భాస్కరుడు స్పష్టంగా చెప్పాడు. అందుచేత 2 యాలలోంచి 55 తీసివేస్తే 45 కావచ్చు, ఋణం 45 కావచ్చు. మొదటి దారిలో యా 50. రెండవ దారిలో యా 5.

50ని పరీక్షిద్దాం. ఐదో వంతు 10, 3 తగ్గిస్తే 7, వర్గం 49, బయట ఉన్నది 1, మొత్తం 50. బాగున్నది. ఇప్పుడు 5ను చూద్దాం. ఐదో వంతు ఒకటే కోతి. అందులోంచి 3 తీసివేస్తే ఋణం 2. దాని వర్గం 4, దానికి 1 కలిపితే 5. అంకెల ప్రకారం ఇదీ సరిపోయింది! కాని ఉన్న ఒక్క కోతిలోంచి మూడు కోతులను తీసివేయడం ఎక్కడైనా ఉందా? భాస్కరుడు ఈ రెండవ జవాబు అసంగతమని, దానిని లోకం ఒప్పుకోదని చెప్పి వదిలిపెట్టాడు.

ఈ రెండు లెక్కలూ ఆయన ఒకదాని వెంట ఒకటి ఎందుకు పెట్టాడా అని నేను చాలాసార్లు ఆలోచించాను. రెండూ కోతుల లెక్కలే. రెండింటికీ రెండేసి జవాబులే. మొదటిదానిలో రెండూ ఉంచుకోవాలి. రెండవదానిలో ఒకటి వదులుకోవాలి. సూత్రం ఈ తేడా చెప్పదు. సూత్రం రెండు జవాబులను చేతిలో పెట్టి తప్పుకుంటుంది. వాటిని మళ్ళీ కథ దగ్గరకు తీసుకువెళ్ళి అడగవలసిన బాధ్యత లెక్క చేసేవాడిదే. మా విభాగంలో బిల్లులు చూసేటప్పుడు ఇదే నియమం. కూడికలు సరిపోయినంత మాత్రాన బిల్లు పాసు కాదు. బస్సే లేని ఊరికి బస్సు ఛార్జీ వేసినా కూడిక సరిపోతుంది. అసలు ఆ ప్రయాణం జరిగిందా అని చూడడమే ఆడిట్. భాస్కరుడు మనకు మొదటి తరం ఆడిటరు అని నేను సరదాగా పిల్లలతో అంటుంటాను.

అర్జునుడి బాణాలు

మహాభారతం చదివిన మన ఇళ్ళలో ఈ లెక్క బాగా పనికివస్తుంది. కర్ణుణ్ణి చంపడానికి అర్జునుడు కొన్ని బాణాలు తీశాడు. వాటిలో సగం కర్ణుడి బాణాలను ఆపడానికి పోయినవి. మొత్తం బాణాల వర్గమూలానికి నాలుగు రెట్లు గుర్రాలకు. 6 బాణాలు సారథి శల్యుడికి. గొడుగు, జెండా, విల్లు ఈ మూడింటికి 3. ఒక్క బాణంతో శిరస్సు ఖండించాడు. మొత్తం ఎన్ని? 100. సగం 50, వర్గమూలం 10కి నాలుగు రెట్లు 40, తరువాత 6, 3, 1. కూడి చూసుకోండి.

తుమ్మెదల లెక్క ఇంకా సుకుమారమైనది. గుంపులో సగానికి వర్గమూలమైనన్ని తుమ్మెదలు మాలతీ పొదకు వెళ్ళాయి. మొత్తంలో తొమ్మిదింట ఎనిమిది వంతులు వాటి వెంట పోయాయి. తామరపువ్వు వాసనకు ఆశపడి రాత్రి దానిలో చిక్కుకుపోయిన మగ తుమ్మెద ఒకటి లోపల రొద చేస్తుంటే, దానికి బదులు పలుకుతూ ఆడ తుమ్మెద ఒకటి బయట తిరుగుతున్నది. మొత్తం 72. సగం 36, వర్గమూలం 6, తొమ్మిదింట ఎనిమిది వంతులు 64, మిగిలిన జంట 2. ఇటువంటి లెక్కలు మన తెలుగువారికి అంతకు ముందే పరిచయం. 9వ శతాబ్దపు మహావీరాచార్యుని గణిత సార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. లెక్కను పద్యంగా చెబితే నోటికి వస్తుందని మన పెద్దలకు తెలుసు.

లీలావతి కథ

ఇక అందరికీ తెలిసిన కథ. భాస్కరునికి లీలావతి అని కూతురు. ఆమె జాతకంలో వైధవ్యం ఉన్నదని తెలిసి, దానిని తప్పించే ముహూర్తం ఒకటి తండ్రి గణించాడు. నీటిలో అడుగున చిల్లి ఉన్న గిన్నె వదిలి, అది మునిగే క్షణం కోసం వేచి ఉన్నారు. కుతూహలం కొద్దీ అమ్మాయి వంగి చూస్తే ఆమె నగలోని ముత్యం జారి గిన్నెలో పడి చిల్లికి అడ్డుపడింది. గిన్నె మునగలేదు. ముహూర్తం దాటిపోయింది. పెళ్ళి ఆగిపోయింది. కూతురిని ఓదార్చడానికి తండ్రి ఆమె పేరుతో పుస్తకం వ్రాశాడు.

ఈ కథను నేనూ చిన్నప్పుడు విన్నాను, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. అయితే ఇది భాస్కరుని ఏ గ్రంథంలోనూ లేదు. ఆయన వంశం వారి శాసనంలోనూ లేదు. ఇది 1587లో, అక్బరు ఆస్థాన కవి ఫైజీ లీలావతిని పారశీకంలోకి అనువదించినప్పుడు ఆ పుస్తకపు పీఠికలో కనబడుతున్నది. అంటే మూల గ్రంథం వచ్చిన 437 ఏళ్ళకు. లీలావతిలో ప్రశ్నలు ఒక తెలివైన బాలికను సంబోధిస్తూ ఉన్న మాట నిజం. కొన్నిచోట్ల మిత్రుణ్ణి కూడా సంబోధిస్తాడు. కాంతా, ప్రియా అనే సంబోధనలు కూతురికి చెల్లవని కొందరు పండితులు అంటారు. కాబట్టి ఆమె కూతురు అనడానికి గాని, పెళ్ళి తప్పిపోయింది అనడానికి గాని భాస్కరుని నుంచి సాక్ష్యం లేదు.

కథే గదా, ఉంటే ఏమి అనవచ్చు. మా ఇంట్లో దానికి వేరే అర్థం ఉన్నది. మా అక్కయ్య నాకంటే నాలుగేళ్ళు పెద్దది. ఎనిమిదో తరగతి వరకు లెక్కలలో ఆమెదే మొదటి స్థానం. 1957లో మంచి సంబంధం వచ్చిందని, ముహూర్తం దగ్గరలోనే ఉన్నదని చదువు మానిపించారు. మా ఇంట ముత్యమేమీ జారిపడలేదు. ముహూర్తం తప్పలేదు. పెళ్ళి దివ్యంగా జరిగింది. చదువు ఆగిపోయింది. నాలుగేళ్ళ తరువాత పురిటికి పుట్టింటికి వచ్చినప్పుడు నా బీజగణితం పుస్తకం తీసుకుని, ఎవరూ చెప్పకుండానే వర్గ సమీకరణాల అధ్యాయం మొత్తం లాంతరు వెలుతురులో చేసేసింది. నేను మరునాటి పరీక్షకు ఆమె వ్రాసిన కాగితాలు చూసి చదువుకున్నాను. ఆ రోజుల్లో అన్ని ఇళ్ళలోనూ జరిగిన సంగతే ఇది. ఎవరినీ నిందించడానికి చెప్పడం లేదు.

ఈమధ్య మా మనుమరాలికి లీలావతి కథ చెబితే, అమ్మాయికి లెక్కలు చెప్పాలంటే ముందు పెళ్ళి చెడిపోవాలా తాతయ్యా అని అడిగింది. పక్కనే ఉన్న అక్కయ్య, అది ఫైజీగారి కథే తప్ప భాస్కరుడి మాట కాదని నా చేత మళ్ళీ ఒకసారి చెప్పించుకున్నది. ఎనభై దాటిన ఆమె ముఖంలో కలిగిన తృప్తి నేను వర్ణించలేను. కథ తీసివేస్తే మిగిలేది ఏమిటి? 1150లో ఒక పండితుడు తన పుస్తకంలో కఠినమైన ప్రశ్నలను ఒక బాలికను ఉద్దేశించి అడిగాడు, ఆమె తెలివిగలదని మెచ్చుకుంటూ అడిగాడు. ఆమె దురదృష్టవంతురాలు కనుక అని ఎక్కడా అనలేదు. నాకు ఈ నిజమే ఆ కథకంటే అందంగా కనబడుతున్నది.

మనుమడు కట్టిన మఠం

భాస్కరుని తరువాత ఏమైంది? ఆ సంగతి చెప్పేది నేను పైన పేర్కొన్న శాసనం. 19వ శతాబ్దంలో బొంబాయికి చెందిన వైద్యుడు, పండితుడు డాక్టర్ భావు దాజీ చాళీస్‌గావ్ సమీపంలోని పాటణలో, అమ్మవారి గుడిలో దీనిని గుర్తించాడు. దానిలో భాస్కరుని పూర్వీకుల పేర్లు ఆరు తరాల పైకి ఉన్నాయి. కొడుకు లక్ష్మీధరుణ్ణి యాదవరాజు జైత్రపాలుడు తన ఆస్థానానికి పిలిపించుకున్నాడు. మనుమడు చంగదేవుడు సింఘణ మహారాజుకు ఆస్థాన జ్యోతిష్కుడు. ఆ చంగదేవుడు తాతగారి సిద్ధాంత శిరోమణిని, ఇతర గ్రంథాలను పాఠం చెప్పడానికే 1207లో ఒక మఠం ఏర్పాటు చేశాడు. ఆ ప్రాంతపు నికుంభ వంశ పాలకులు దానికి ధర్మాలు ఇచ్చారు. ఊళ్ళో జరిగే అమ్మకాల రాబడిలో కొంత, నూనె గానుగల నుంచి కొంత. ఆస్తి పంచుకోవడానికి వచ్చే మనుమలు ఎక్కువ, తాత పుస్తకం చదివించడానికి బడి కట్టే మనుమడు అరుదు.

ఆ తరువాత ఆ గ్రంథాలకు ప్రతులు, వ్యాఖ్యానాలు లెక్కలేనన్ని వచ్చాయి. ఫైజీ తరువాత 1634 ప్రాంతంలో అతాఉల్లా రుష్దీ బీజగణితాన్ని పారశీకంలోకి తెచ్చాడు. ఆయన తాజ్‌మహల్ నిర్మాతగా చెప్పే ఉస్తాద్ అహ్మద్ లాహోరీ కుమారుడు. ఆ పారశీకం నుంచి 1813లో ఎడ్వర్డ్ స్ట్రేచీ, నేరుగా సంస్కృతం నుంచి 1817లో కోల్‌బ్రూక్ ఇంగ్లీషులోకి అనువదించారు. అప్పుడు ఐరోపా పండితులకు ఒక ఆశ్చర్యం కనబడింది. 1657లో ఫ్రాన్సు దేశపు ఫెర్మా తోటి పండితులకు సవాలుగా విసిరిన లెక్క ఒకటి ఉన్నది. ఒక వర్గాన్ని 61తో హెచ్చవేసి 1 కలిపితే మళ్ళీ వర్గమే రావాలి. ఆ రాశులు ఏవి? మిక్కిలి చిన్న జవాబే 22,61,53,980, దానికి జోడు 176,63,19,049. ఇదే లెక్కను భాస్కరుడు 1150లోనే చక్రవాళ పద్ధతితో చేసి పెట్టాడు. చక్రవాళం కూడా ఆయనకు ముందు జయదేవుడనే పండితుడు ఎరిగినదే. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వచ్చిన దీపం అది.

గొప్పలు చెప్పుకునేటప్పుడు కూడా భాస్కరుని నియమం పాటించడం మంచిది. వర్గ సమీకరణాలు మనమే కనిపెట్టామంటే నిజం కాదు. నాలుగు వేల ఏళ్ళ నాటి బాబిలోనియా మట్టిపలకల మీద ఇటువంటి లెక్కలు ఉన్నాయి. 9వ శతాబ్దంలో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ వీటినే బొమ్మలు గీసి నిరూపించాడు. ఎవరి వాటా వారికి ఇచ్చి, మన వాటా మనం తీసుకుందాం. బ్రహ్మగుప్తుడు, శ్రీధరుడు, భాస్కరుడు, ఇది చిన్న వాటా ఏమీ కాదు.

మన సభ్యులకు నా మనవి ఒకటే. పెన్షను, డి.ఎ. బకాయిల లెక్కలు మనకు ఎలాగూ తప్పవు. వాటి నడుమ ఒక సాయంత్రం ఇంట్లో ఉన్న పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఆ రెండు కోతుల లెక్కలు ఇవ్వండి. సూత్రం వారికి బడిలో చెబుతారు. రెండు జవాబులు వచ్చిన తరువాత, వీటిలో ఏది నిలుస్తుంది, ఎందుకు నిలుస్తుంది అన్న ప్రశ్న మాత్రం మీరు అడగండి. తప్పు చెప్పినా కోప్పడకండి. 5 అని చెప్పిన పిల్లవాడు కూడా అంకెలు సరిగానే చేశాడు. ఆ ఒక్క కోతిలోంచి మూడింటిని తీసివేసి చూపించమనండి. వాడే నవ్వి, 50 అంటాడు.